అప్‌డేట్: నాన్న అరికాలి పుండు మానుతోంది

బొటనవేలి మొదట్లో, అరికాలికి పడిన పుండు రోజూ కట్టు మారుస్తున్నా ఎందుకు మానట్లేదని అడిగాను కదా. లోపం మందులో లేదు, దానిమీద పడే బరువులో ఉంది. షుగర్‌తో స్పర్శ పోయింది. స్పర్శ పరీక్షకు వాడే 10 గ్రాముల మోనోఫిలమెంట్ (అంత బరువు పడితే వంగే సన్నని నైలాన్ పోగు) వంగేదాకా ఒత్తినా నాన్నకు తెలియలేదు. నొప్పి లేక దానిమీదే నడిచారు.

తిరుపతిలో డాక్టరు ముందు కాలి రక్తప్రసరణ, ఎక్స్‌రే చూసి, గట్టిపడిన ఆనెను గీసేశారు. దానికింద పుండు రూపాయి బిళ్ళంత ఉంది! మోకాలి కిందిదాకా కాంటాక్ట్ కాస్ట్ (పుండు మీద బరువు పడకుండా కాలికి అతుక్కుని ఉండే గట్టి కట్టు) వేసి వారం వారం మారుస్తున్నారు. ఇప్పుడు శనగగింజంత మిగిలింది.

హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయడం మానేశాం, అది కొత్తగా పుట్టే కండనూ దెబ్బతీస్తుంది. పుండు మానాక ఇంట్లో కూడా ఎంసీఆర్ (మెత్తటి మైక్రోసెల్యులర్ రబ్బరు) చెప్పులే. అలిపిరి మెట్లు ఉత్తకాళ్లతో ఎక్కించం. రాయి ఎండకు కాలినా ఆయనకు తెలియదు.