పంటల జన్యుశాస్త్రంలో పరిశోధన: పాలమూరు, నల్లగొండ వాళ్లు మీ అనుభవాలు చెప్పండి

డిండి వాగు:
మా చెల్లెలు నల్లగొండలో బీఎస్సీ బీజడ్‌సీ చివరి సంవత్సరం చదువుతోంది. పంటల జన్యుశాస్త్రం, జీవరసాయనం వైపు పరిశోధనకు వెళ్తానని పట్టుబట్టింది. నాన్న మాత్రం బీఈడీ చేయిద్దామంటున్నారు. మా ఇంట్లో ఈ దారి తెలిసినవాళ్లు లేరు. అక్కడ రోజువారీ పని ఎలా ఉంటుందో, ఎన్నేళ్లు పడుతుందో తెలిసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

ఆముదం గెల:
తమ్ముడూ, నేను ఆముదం మీద పీహెచ్‌డీ చేశాను, ఇప్పటికీ ఆ పంట మీదే పనిచేస్తున్నాను. పని ఎలా ఉంటుందని అడిగావు కాబట్టి ఒక్క గెల సంగతి చెబుతాను. ఆముదం గెలలో పైన ఆడపూలు, కింద మగపూలు ఉంటాయి. రెండు వేర్వేరు రకాలను కలిపి సంకర విత్తనం చేయాలంటే తల్లి వరుసల్లో గెలంతా ఆడపూలే ఉన్న మొక్కలు కావాలి. అయితే ఎండ ముదిరితే ఆ మొక్కలకు కూడా మధ్యమధ్యలో మగపూలు వస్తాయి. అందుకే సంకర విత్తనోత్పత్తిని చల్లగా ఉండే యాసంగిలో పెడతారు. అదే తల్లి రకాన్ని పెంచుకోవాలంటే మగపూలు కావాలి కదా, దానికి వేడి కాలం చూసుకుంటారు. విత్తనోత్పత్తి చేలో పొద్దున్నే దిగి గెల గెలా తిప్పి చూడాలి, తేడా మొక్క కనిపిస్తే పసుపు పచ్చని మగ మొగ్గలు విచ్చుకోకముందే పీకేయాలి. ఒక్క మొక్క కన్నుగప్పినా చుట్టుపక్కల విత్తనం కల్తీ అవుతుంది. పాలెం పరిశోధన స్థానం నుంచి వచ్చిన పీసీహెచ్-111 లాంటి సంకరాల వెనక ఇలాంటి చాకిరీ ఎంతో ఉంది.

ఇక జీవరసాయనం. ఆముదం నూనెలో 85 నుంచి 90 శాతం వరకు రిసినోలిక్ అనే కొవ్వు ఆమ్లమే. ఒలియిక్ ఆమ్లానికి హైడ్రాక్సిల్ చేర్చే ఎంజైము వల్ల అది తయారవుతుంది. ఆ ఎంజైము జన్యువును 1995లో వేరుచేశారు, 2010లో ఆముదం జన్యుక్రమం ముసాయిదా వెలువడింది. గింజలో ఉండే రిసిన్ అనే విషపు ప్రొటీను నూనె తీశాక పిండిలో మిగిలిపోతుంది. ఆ పిండి ఎరువుకు పనికొస్తుంది గానీ అలాగే పశువులకు పెట్టడానికి లేదు. రిసిన్ తక్కువగా ఉండే రకం రావాలంటే చేనూ ప్రయోగశాలా కలిసి పనిచేయాల్సిందే. గింజను పగలగొట్టకుండానే నూనె శాతం చూపించే యంత్రాలున్నాయి. కొలిచిన గింజనే మళ్లీ విత్తుకోవచ్చు. ఒక మంచి మొక్క నుంచి గుప్పెడు గింజలే చేతికొచ్చినప్పుడు దాని విలువ ఎంతో తెలుస్తుంది.

నడిగడ్డ బిడ్డ:
మాది గద్వాల దగ్గర ఊరు. అమ్మ పత్తి విత్తన చేలలో క్రాసింగ్ పనికి వెళ్లేది. మరునాడు విచ్చుకోబోయే తల్లి మొక్క మొగ్గ రేకులను, పుప్పొడి తిత్తులను సాయంత్రం గోటితో వొలిచేస్తారు. పుప్పొడి అందుకునే కీలాగ్రానికి గోరు తగలకూడదు. పొద్దున తండ్రి రకం పువ్వు తెచ్చి దానికి రుద్దుతారు. సంకరణం గురించి కాలేజీలో పాఠం చెప్పినప్పుడు ఇది మా అమ్మ చేసే పనే కదా అనిపించింది. ఇప్పుడు నేను కంది మీద పరిశోధన విద్యార్థిని. మీ చెల్లికి పొలం పని తెలిస్తే అది చిన్న విషయం కాదు, గట్టి పెట్టుబడి.

మర్రిచెట్టు కాపరి:
నేను శాస్త్రవేత్తను కాదు, గొర్రెలున్న రైతును. కోసిన జొన్న మోళ్ల నుంచి వచ్చే లేత పిలకలను మా దగ్గర నాము అంటారు. వాన మొహం చాటేసిన ఏడు నాము మేసిన గొర్రెలు కళ్లముందే పడిపోయాయి. ఇది ఎందుకు జరుగుతుందో ఇక్కడ ఎవరైనా చెప్పగలరా?

ఆముదం గెల:
అన్నా, లేత జొన్నలో ధురిన్ అనే పదార్థం ఉంటుంది. ఆకు నమిలినప్పుడు అది విడిపోయి హైడ్రోసయనిక్ ఆమ్లం పుడుతుంది. బెట్టకు గురైన మొక్కలో, లేత పిలకల్లో దాని మోతాదు ఎక్కువ. పూత దశ దాటాక తగ్గుతుంది. అప్పటిదాకా మేపకండి. పశువు తూలితే క్షణం ఆలస్యం చేయకుండా పశువైద్యుణ్ణి పిలవండి, విరుగుడు ఇంజెక్షన్ ఉంది. డిండి వాగు తమ్ముడూ, మీ నాన్నగారికి ఈ ప్రశ్న చూపించు. ఇలాంటివాటికి జవాబు వెతకడమే మీ చెల్లి కోరుకుంటున్న పని.

సాగర్ ఎడమ కాలువ:
మా వరి ప్రాంతం సంగతి కూడా చెబుతాను. ఆర్‌ఎన్‌ఆర్-15048, అంటే తెలంగాణ సోనా, ఎంటీయూ-1010 అనే వరి రకాన్ని జేజీఎల్-3855 అనే రకంతో సంకరం చేసి తెచ్చింది. 2015లో విడుదలైంది. తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే గ్లైసీమిక్ సూచిక తక్కువగా, 51 చుట్టూ ఉందని తేలాక దాని పేరు ఊరూరా పాకింది. కాలం ఎంత పడుతుందని అడిగారు కదా, సంకరం చేసిన రోజు నుంచి రకం విడుదలయ్యేదాకా పదేళ్లు మామూలే. తరాల ఎంపిక, పరిశోధన స్థానంలో పరీక్షలు, రైతులకు చిరుసంచుల్లో (మినీకిట్లలో) విత్తనమిచ్చి వాళ్ల పొలంలో పరీక్షలు, ఇవన్నీ దాటాలి. మొదలుపెట్టినవారు బదిలీ అయ్యాక మరొకరి చేతుల్లో పూర్తయిన రకాలూ ఉంటాయి. అది ముందే మనసుకు పట్టించుకుంటే మంచిది.

డిండి వాగు:
అందరికీ కృతజ్ఞతలు. నడిగడ్డ అక్కా, బీజడ్‌సీతో ఈ పరిశోధన వైపు వెళ్లవచ్చా? డబ్బు సంగతి ఏమిటి?

నడిగడ్డ బిడ్డ:
వెళ్లవచ్చు. ఉస్మానియాలో జన్యుశాస్త్రం గానీ బయోకెమిస్ట్రీ గానీ ఎమ్మెస్సీ చేసి పరిశోధన విద్యార్థులకు నెలనెలా డబ్బిచ్చే ఫెలోషిప్ కోసం సీఎస్‌ఐఆర్ జేఆర్‌ఎఫ్ పరీక్ష రాయమనండి. 2023 జనవరి నుంచి ఆ ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. నా స్నేహితురాలికి ఒకచోట నెలల తరబడి డబ్బు రాలేదు. అప్పు చేసి హాస్టల్ ఫీజు కట్టింది. కొంత చేతిలో ఉంచుకోండి. వ్యవసాయ శాస్త్రవేత్త పోస్టులకు మాత్రం విభాగాన్ని బట్టి అర్హత మారుతుంది. ప్రజననం (కొత్త పంట రకాలు తయారుచేసే విభాగం) వైపు సాధారణంగా వ్యవసాయ డిగ్రీ అడుగుతారు, జీవరసాయనం వైపు ఎమ్మెస్సీ వాళ్లకూ చోటుంటుంది. ఎమ్మెస్సీలో చేరకముందే పాత నోటిఫికేషన్లు తీసి అర్హతల పేరా ఇద్దరూ కూర్చుని చదవండి. ఈ సెలవుల్లో చెల్లిని పాలెం గానీ కంపసాగర్ గానీ, ఏదో ఒక పరిశోధన స్థానానికి తీసుకెళ్లి చేలు చూపించండి.