పాలపొడి డబ్బాలో పూలు పెడితే టీవీ బల్ల మీద తుప్పు మరక పడింది

మిద్దెమీద మల్లె, అనంతపురం:
మా అత్త ఖాళీ సీసా ఒక్కటీ పారేయదు. కడిగి అటకెక్కిస్తుంది. మొన్న నేను మూడు దించి పూలు పెట్టాను. పాలపొడి రేకు డబ్బా నాలుగు రోజులకే తుప్పు పట్టి, తెల్ల సన్‌మైకా మీద గుండ్రంగా మరక వేసింది. కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ సీసా ఫ్యాను వేయగానే పడిపోయింది. ఆవకాయ సీసా ఎన్నిసార్లు తోమినా వాసన పోలేదు, పైగా మా బోరు నీళ్లకు లోపల తెల్లగా పేరుకుంటోంది. ఇంకో కష్టం: పూలకొట్లో కాడలతో చామంతులు అడిగితే "మూరలా, పావుకిలోనా?" అంటాడు. ఏం చేయాలి?

బండలవీధి, కడప:
అక్కా, రేకు డబ్బాలో నేరుగా నీళ్లు పోయకూడదు. లోపల ఒక గాజు గ్లాసు పెట్టి నీళ్లు దాంట్లో పోయండి, డబ్బా పైకి కనిపించే తొడుగు మాత్రమే. చుట్టూ గోనె పురికొస చుడితే అంచు కూడా కనబడదు. ప్లాస్టిక్ సీసాలో మూడో వంతు గులకరాళ్లు వేయండి, ఏ ఫ్యానుకూ కదలదు. ఇసుక మాత్రం వద్దు, నీళ్లు బురదవుతాయి.

ఆవకాయ వాసన గాజుది కాదు, మూతి దగ్గర జిడ్డుది. సర్ఫు వేసిన వేడినీళ్లతో, గుప్పెడు బియ్యం వేసి గిలకొట్టండి. ఆ తెలుపు సున్నం, చింతపండు పులుసు రాత్రంతా పోసి ఉంచితే కరుగుతుంది.

సీసాను దారం, కిరసనాయిలుతో కోసే వీడియోలు చూసి మాత్రం చేయొద్దు. నా వేలు చెబుతుంది ఆ కథ.

కొండారెడ్డి బురుజు పక్కన, కర్నూలు:
కాడలు లేని పూలకు పొడుగు సీసా ఎందుకమ్మా? పెరుగు డబ్బా సగానికి కోసి, నీళ్లు పోసి చామంతులు తేలేయండి. నీళ్లు రోజూ మార్చాలి, బంతిపూలకైతే మరీనూ, వాసన వస్తుంది. దొడ్లో కాడలతో కోసుకుంటే నీళ్లలో మునిగే ఆకులు తీసేసి, కాడ చివర ఏటవాలుగా కోయండి.

అసలు మన ఎండలకు ఎండు కంకులే మేలు. కొర్ర కంకులు, జొన్న కంకులు కాడలతో కోసి, తలకిందులుగా నీడలో వేలాడదీస్తే వంగకుండా ఎండుతాయి. నీళ్లే అక్కర్లేదు కాబట్టి మీ రేకు డబ్బాకు తుప్పు భయం లేదు.

మిద్దెమీద మల్లె, అనంతపురం:
అందరికీ థ్యాంక్స్. నిమ్మరసం, ఉప్పు కలిపి పావుగంట ఉంచి తుడిస్తే మరక ముప్పావు వంతు పోయింది. మిగిలిన పావు మీద డబ్బానే పెట్టేశాను, కొర్ర కంకులతో. "వండుకునేవి టీవీ పక్కన పెడతారా?" అని మా అత్త ఒకరోజంతా నసిగింది. ఇప్పుడు రాలిన గింజలు ఏరి, మిద్దె మీద పిచ్చుకలకు వేస్తోంది.