డిఫ్యూజర్ నడిపిన గదిలో తెల్లటి పొడి పడుతోంది: లోపం నూనెదా, నీళ్లదా, శుభ్రతదా?

ప్రశ్న (మియాపూర్ నుంచి)

సభ్యులందరికీ నమస్కారం. మేము హైదరాబాదులోని మియాపూర్‌లో ఒక అపార్టుమెంటులో ఉంటున్నాము. ఎనిమిది నెలల క్రితం గృహప్రవేశానికి మా తమ్ముడు 300 మిల్లీలీటర్ల నీళ్లు పట్టే ఎసెన్షియల్ ఆయిల్ డిఫ్యూజర్‌ను (సుగంధ తైలం కలిపిన నీళ్లను ఆవిరిలా గదిలోకి చిమ్మే పరికరాన్ని) కానుకగా ఇచ్చాడు. అప్పటి నుంచి రోజూ రాత్రి పడకగదిలో గీత దాకా కుళాయి నీళ్లు పోసి, పది పన్నెండు చుక్కల లావెండర్ నూనె వేసి, తెల్లవారేదాకా నడుపుతున్నాము. ఉదయం మిగిలిన నీళ్లను పారబోయకుండా, రాత్రికి వాటి మీదే కొత్త నీళ్లు పోయడం అలవాటైపోయింది.

మొదట్లో ఆవిరి మూరెడు ఎత్తు లేచేది. ఇప్పుడు జానెడు కూడా లేవడం లేదు. టీవీ తెర మీద, అద్దాల బీరువా మీద సన్నటి తెల్లటి పొడి పడుతోంది. సాయంత్రం తుడిస్తే ఉదయానికి మళ్లీ వేలితో గీత గీయవచ్చు. ట్యాంకు లోపల నీళ్లు ఆగే అంచున పసుపుపచ్చటి జిగురు వలయం కట్టింది. లావెండర్ వాసనకు బదులు ముక్కిపోయిన వాసన వస్తోంది.

మాది పూర్తిగా బోరు నీళ్లు. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు పెట్టి చూస్తే 720 చూపించింది. వంటింట్లోని ఆర్వో నీళ్లకు 60 వచ్చింది. మా అత్తగారికి ఉబ్బసం ఉంది, మా పాపకు నాలుగేళ్లు. ఆ పొడి పీల్చడం వల్ల వారికి ఏమైనా హాని ఉందా? పరికరాన్ని ఎలా శుభ్రం చేయాలి? అడుగున ఉన్న గుండ్రటి బిళ్ళను స్టీలు పీచుతో రుద్దమని ఒక బంధువు సలహా ఇచ్చారు, కానీ చేయడానికి చేయి రాలేదు. దయచేసి తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

సమాధానం 1 (వట్టివేరు)

ఆ పొడి నూనెది కాదండీ, మీ బోరు నీళ్లది. నేను చాలా కాలం రసాయన శాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని కనుక కాస్త వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

మనం దానిని ఆవిరి అంటున్నాము కానీ అది ఆవిరి కాదు. కెటిల్‌లో నీళ్లు మరిగినప్పుడు నీరు మాత్రమే ఆవిరై పోతుంది, ఉప్పులన్నీ అడుగున తెల్లటి పొరగా మిగిలిపోతాయి. మీ డిఫ్యూజర్ అడుగున పావలా బిళ్ళంత ఉన్నది పింగాణీ జాతి పదార్థంతో చేసిన పలక. కరెంటు అందగానే అది సెకనుకు 17 లక్షల నుంచి 24 లక్షల సార్లు కంపించి, నీటిని వేడి చేయకుండానే కంటికి పొగలా కనిపించే తుంపరగా చిమ్ముతుంది. తుంపర అంటే నీటిలో ఉన్నదంతా దానితోపాటే గాలిలోకి వెళ్లినట్టు. కెటిల్ అడుగున పట్టవలసిన పొర మీ ఇంట్లో టీవీ తెర మీద పడుతోంది.

లెక్క వేసి చూడండి. టీడీఎస్ 720 అంటే లీటరు నీటిలో సుమారు 720 మిల్లీగ్రాముల లవణాలు కరిగి ఉన్నాయని అర్థం. తాగునీటికి మన దేశ ప్రమాణం వాంఛనీయ పరిమితిగా చెప్పినది 500. మీరు రాత్రికి 300 మిల్లీలీటర్లు ఖర్చు చేస్తే 216 మిల్లీగ్రాములు, నెల తిరిగేసరికి ఆరు గ్రాముల పైచిలుకు పొడి, అంటే టీ చెంచాడు కంటే ఎక్కువే, తలుపులు వేసిన పడకగదిలో చల్లినట్టయింది. అందులో కొంత తెర మీద పడుతుంది, కొంత ఊపిరితోపాటు లోపలికి పోతుంది. అదే ఆర్వో నీళ్లు పోస్తే రోజుకు 18 మిల్లీగ్రాములకు మించదు. కాచి చల్లార్చిన నీళ్లు పోయవచ్చునని కొందరు అంటారు. కాచితే సూక్ష్మజీవులు చస్తాయి, కాఠిన్యంలో కొంత భాగం అడుగున పేరుకుంటుంది, కానీ మిగిలిన లవణాలు ఎక్కడికీ పోవు. ఏసీ గొట్టం నుంచి కారే నీళ్లలో లవణాలు తక్కువే అయినా, అవి దుమ్ము, బూజు పట్టిన రేకుల మీదుగా వస్తాయి కనుక పీల్చే తుంపరకు పనికిరావు.

ఇక శుభ్రం చేయడం. స్టీలు పీచు, కత్తి మొన, టూత్‌బ్రష్ గట్టి కుచ్చు, వీటిలో ఏదీ ఆ పలకకు తగలకూడదు. దాని పై పూత గీరుకుపోతే కంపనం దెబ్బతింటుంది, ఆ తరువాత ఏ ద్రావణమూ దానిని బాగుచేయలేదు. ముందుగా ప్లగ్గు తీసివేసి, లోపల మిగిలిన నీళ్లను పారబోయండి. పారబోసేటప్పుడు లోపలి అంచున గాలి వచ్చే చిన్న రంధ్రం ఎటు ఉందో చూసి, దానికి ఎదురు వైపు నుంచి వంచాలి. ఆ రంధ్రం కింద ఫ్యాను, సర్క్యూటు ఉంటాయి. నా మొదటి డిఫ్యూజర్‌ను హడావుడిగా తప్పు వైపు వంచాను. దాని దీపం రెండుసార్లు మిణుకుమని ఆరిపోయింది, మళ్లీ వెలగలేదు. అదే కారణంగా దానిని కుళాయి కింద పెట్టి కడగడం గానీ, నీళ్లలో ముంచడం గానీ చేయకూడదు.

తెల్లటి పొర ప్రధానంగా కాల్షియం కార్బొనేటు. దానికి పులుపు మందు. కిరాణా దుకాణంలో దొరికే నిమ్మ ఉప్పును (సిట్రిక్ ఆమ్లం) అర టీ చెంచా తీసుకొని, ఒక కప్పు గోరువెచ్చటి నీటిలో కరిగించి, పలక మునిగేంత పోసి పావుగంట కదపకుండా ఉంచండి. దగ్గరగా చూస్తే పలక అంచున సూది మొనంత బుడగలు వరుసగా లేవడం కనిపిస్తుంది. అది బొగ్గుపులుసు వాయువు, పొర కరుగుతున్నదనడానికి గుర్తు. బుడగలు ఆగిపోయాక పారబోసి, దూది పుల్లతో సుతారంగా తుడిచి, మంచి నీళ్లతో రెండుసార్లు తొలిచివేయండి.

పసుపుపచ్చటి జిగురు వేరే సంగతి. నూనె గాలి తగిలి చిక్కబడితే ఏర్పడే ఆ వలయం పులుపుకు కదలదు. మందుల దుకాణంలో దొరికే సర్జికల్ స్పిరిట్‌లో దూది పుల్లను ముంచి, ప్లగ్గు తీసివేసిన స్థితిలోనే, అంచు చుట్టూ తుడిస్తే పుల్ల మొన లేత గోధుమ రంగుకు తిరుగుతుంది. స్పిరిట్ పూర్తిగా ఆరేదాకా మళ్లీ కరెంటు పెట్టవద్దు. బాత్రూమ్ యాసిడ్, బ్లీచింగ్ పొడి జోలికి అసలు వెళ్లవద్దు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ విషవాయువు వెలువడుతుంది. వెనిగర్, నిమ్మ ఉప్పు బ్లీచింగ్‌తో కలిసినా అంతే.

సమాధానం 2 (డల్లాస్ తెలుగు)

వట్టివేరు గారు చెప్పిన దానితో ఏకీభవిస్తున్నాను. ఇక్కడ కూడా కుళాయి నీళ్లు కాఠిన్యం గలవే కావడంతో మేము దుకాణంలో దొరికే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే వాడుతున్నాము. నేను మరొక విషయం మీద పట్టుబట్టి చెప్పాలనుకుంటున్నాను: నిన్నటి నీళ్ల మీద ఈనాటి నీళ్లు పోసే అలవాటును ఈ రోజే మానేయండి. మీకు వస్తున్న ముక్కిపోయిన వాసన నిలవ నీటిలో పెరిగిన సూక్ష్మజీవులది కావచ్చు, వాటినే ఆ యంత్రం తుంపరగా చేసి మీ ముఖాల మీదకు పంపుతుంది.

సుగంధ తైలం ఉంది కదా, క్రిములు చచ్చిపోతాయి అనుకోవడం ప్రమాదకరం. 2021 అక్టోబరులో అమెరికాలో లావెండర్, చామంతి జాతి తైలాలు కలిపిన ఒక గది స్ప్రేను మార్కెట్టు నుంచి వెనక్కి తీసుకున్నారు. అది మన దేశంలోనే తయారైనది. ఆ సీసాలో మెలియాయిడోసిస్ అనే జబ్బును కలిగించే బాక్టీరియా బయటపడింది. నాలుగు రాష్ట్రాల్లో నలుగురికి ఆ జబ్బు సోకగా, ఇద్దరు మరణించారు. ఆ మృతుల్లో చిన్నపిల్ల కూడా ఉన్నదని చదివిన రోజు నేను మా అమ్మాయి గదిలోని డిఫ్యూజర్‌ను తీసివేశాను. అది స్ప్రే, మీది డిఫ్యూజర్, ఆ మాట నిజమే. కానీ నీళ్లూ నూనే కలిసి ఉన్నంత మాత్రాన ఆ నీరు శుద్ధమైపోదన్న సంగతి రెంటికీ ఒకటే.

శుభ్రతకు మేము వెనిగర్ వాడుతున్నాము. పది చుక్కలు కలిపి ఐదు నిమిషాలు నడపమని మా పరికరంతో వచ్చిన పుస్తకంలో ఉంది, అలాగే చేస్తున్నాము.

సమాధానం 3 (వట్టివేరు)

డల్లాస్ వారికి ఒక చిన్న మనవి. వెనిగర్ పోసి నడిపించడం కంటే, ఆపి ఉంచి నానబెట్టడమే మేలు. నడిపితే ఆమ్లం కూడా తుంపరగా గాలిలోకి వస్తుంది, గొంతు గీరుకుంటుంది. పుస్తకంలో రాసినట్టు నడపక తప్పదనుకుంటే కిటికీలు తెరిచి, గదిలో ఎవరూ లేకుండా చూసుకోండి. ఉబ్బసం ఉన్న ఇంట్లో మాత్రం అలా అసలు చేయకండి.

సమాధానం 4 (పిల్లల వార్డు నర్సు, విజయవాడ)

మియాపూర్ సోదరికి నమస్కారం. యంత్రం సంగతి పెద్దలు చెప్పారు, నేను మనుషుల సంగతి చెబుతాను.

ముందు మీ అత్తగారు. ఉబ్బసం ఉన్నవారికి ఘాటైన వాసన ఏదైనా, అది పూలదైనా సాంబ్రాణిదైనా, శ్వాసనాళాలను బిగించగలదు. నిమ్మ, నారింజ జాతి నూనెల్లోని లిమోనీన్ వంటి పదార్థాలు గాలిలోని ఓజోన్‌తో చర్య జరిపి ఫార్మాల్డిహైడ్‌ను, అతి సూక్ష్మమైన కణాలను పుట్టిస్తాయి. సహజమైనది కనుక హాని చేయదని అనుకోకండి. ఆవిడ పడుకునే గదిలో డిఫ్యూజర్ వద్దు. హాల్లో పెట్టినా కిటికీ తెరిచి, అరగంట నడిపి ఆపివేయండి. ఆవిడకు దగ్గు గానీ, ఛాతీలో పిల్లికూతలు గానీ మొదలైతే నూనె మార్చి చూడడం కాదు, వాడకమే ఆపాలి. తెల్లవారేదాకా నడపడం ఆరోగ్యవంతులకు కూడా అక్కరలేదు. కొంతసేపటికి ముక్కు అలవాటుపడి వాసన తెలియదు, తెలియడం లేదని మనం మరో నాలుగు చుక్కలు వేస్తాము. 100 మిల్లీలీటర్ల నీటికి మూడు నాలుగు చుక్కలు చాలు. ఆ లెక్కన మీ ట్యాంకుకు తొమ్మిది నుంచి పన్నెండు, అంతకు మించి వేయవద్దు.

ఇక పాప. నాలుగేళ్ల పిల్ల ఉన్న ఇంట్లో నాకు భయం డిఫ్యూజర్ కంటే నూనె సీసా గురించే ఎక్కువ. నీలగిరి తైలం గానీ, కర్పూరం గానీ కొద్దిగా మింగినా పిల్లలకు ఫిట్స్ రావచ్చు. జలుబు చేసిందని డిఫ్యూజర్‌లో నీలగిరి తైలం వేసి పాప మంచం పక్కన పెట్టేవారున్నారు, కొందరు పూజగదిలోని కర్పూరం బిళ్ళను నలిపి ట్యాంకులో వేస్తారు. రెండూ వద్దు. కర్పూరం నీళ్లలో దాదాపు కరగదు, తుంపర వచ్చే దారిలో మళ్లీ గట్టిపడి కూర్చుంటుంది కూడా. పెద్దవారిలోనైనా మూర్ఛ జబ్బు ఉన్నవారు ఈ రెండింటికీ దూరంగా ఉండాలి. సీసాలను టీవీ బల్ల మీద కాక, తాళం వేసే బీరువాలో పెట్టండి. పొరపాటున పాప మింగితే వాంతి చేయించే ప్రయత్నం చేయవద్దు, సీసాను చేతిలో పట్టుకొని వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

ఇంట్లో పిల్లిని పెంచేవారు ఎవరైనా ఇది చదువుతుంటే వారికీ ఒక మాట. ఈ నూనెల్లోని కొన్ని పదార్థాలను విరిచి బయటకు పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. టీ ట్రీ, నీలగిరి, పుదీనా, నిమ్మజాతి తైలాల తుంపర దాని బొచ్చు మీద పడితే, అది నాకి లోపలికి తీసుకుంటుంది.

మియాపూర్ నుంచి

మీ అందరికీ పేరు పేరునా కృతజ్ఞతలు. నిన్న ఆదివారం కావడంతో కూర్చొని మొత్తం చేశాను. నిమ్మ ఉప్పు నీళ్లు పోయగానే వట్టివేరు గారు చెప్పినట్టే పలక చుట్టూ బుడగలు లేచాయి. ఒక పక్క నెలవంకలా పట్టిన తెల్లటి పొర మాత్రం ఒక్కసారికి పోలేదు, రెండోసారి కొత్త ద్రావణం పోసి ఉంచాక దూది పుల్లకే ఊడి వచ్చింది. స్పిరిట్‌తో జిగురు తుడవడానికి పదకొండు పుల్లలు పట్టాయి. ఆర్వో నీళ్లు పోసి ఆన్ చేస్తే, ఇదివరకు పైపైన వణికిన నీళ్లు ఇప్పుడు మధ్యలో వేలెడంత ఊటలా లేచాయి, తుంపర మళ్లీ మూరెడు వచ్చింది. పడకగదిలోంచి తీసి హాల్లో పెట్టాము. సీసాలు బీరువాలోకి చేరాయి.

ఒక సందేహం మిగిలింది. పండుగకు పది రోజులు ఊరికి వెళ్తున్నాము. దోమలకు పనికొస్తుందని మా ఆడపడుచు నిమ్మగడ్డి నూనె ఇచ్చింది, అక్కడికి తీసుకువెళ్లి వాడవచ్చునా? లేకపోతే దీనిని ఇక్కడే ఎలా భద్రపరచాలి?

సమాధానం 5 (వట్టివేరు)

చాలా సంతోషం. నిమ్మగడ్డి నూనెలో దాదాపు నాలుగింట మూడు వంతులు సిట్రాల్ అనే పదార్థం ఉంటుంది, దోమలు దానిని ఇష్టపడవు, ఆ మాట వాస్తవం. కానీ డిఫ్యూజర్ తుంపర గాలికి చెదిరిపోతుంది కనుక డెంగీ రోజుల్లో దానిని నమ్ముకోవడం తగదు. పాపకు దోమతెర కట్టండి. ఆ నూనె నేరుగా చర్మానికి తగిలితే మంట పుట్టవచ్చు, చేతితో తాకకుండా చుక్కల మూతతోనే వేయండి. కొబ్బరినూనె కలిపిన సరుకైతే అసలు వేయవద్దు, పలక మీద జిడ్డు పేరుకుంటుంది. తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి మరునాడు చూడండి: నూనె మరక అలాగే నిలిచి ఉంటే అందులో మరొక నూనె కలిసిందని అనుమానించవచ్చు.

వెళ్లే ముందు ట్యాంకును ఖాళీ చేసి, పొడి నూలు గుడ్డతో తుడిచి, మూత పెట్టకుండా ఒక పూట ఆరనిచ్చి, ఆ తరువాతే డబ్బాలో పెట్టండి. తిరిగి వచ్చాక మొదటి ట్యాంకును నూనె వేయకుండా ఉత్త ఆర్వో నీళ్లతో పది నిమిషాలు నడిపి పారబోయండి. రోజూ వాడే రోజుల్లో ప్రతి ఉదయం పారబోసి తుడవడం, వారానికి ఒకసారి నిమ్మ ఉప్పు, ఇంతకు మించిన పని దానికి లేదు.