పిచ్చాసుపత్రులు కట్టింది దయతోనా, వదిలించుకోడానికా? (లండన్ కోల్నీ హ్యాచ్ కథ)

ఉత్తరలండన్_రవి

పోయిన శనివారం మా ఫ్రెండ్ వాళ్లింట్లో సత్యనారాయణ వ్రతం. లండన్‌కి ఉత్తరాన ఫ్రయర్న్ బార్నెట్‌లో ఫ్లాట్. కారు పెట్టి తలెత్తి చూస్తే ఫ్లాట్లలా లేదు, ఏదో జమీందారుగారి కోటలా ఉంది. మధ్యలో గుమ్మటం, అటూ ఇటూ ఎంతకీ తెగని గోడ, వరసగా కిటికీలు. ప్రసాదం తింటుంటే మావాడు తాపీగా చెప్పాడు, ఇది 1993 దాకా పిచ్చాసుపత్రి అని. వీడియో కాల్‌లో ఉన్న మా అమ్మ "అలాంటి చోటికి శంకుస్థాపన చేసిన మహానుభావుడు ఎవర్రా?" అంది. వెతికితే తేలింది, విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్. 1849లో.

అప్పట్నుంచి ఇదే చదువుతున్నాను. పేరు కోల్నీ హ్యాచ్ అసైలం. 1851లో తెరిచారు. ముందు గోడ అర కిలోమీటరు పైనే. లోపలి నడవాలన్నీ కలిపితే ఆరు మైళ్లు దాటతాయి. అప్పటికి యూరప్‌లో ఇంత పెద్దది ఇంకోటి లేదట. సొంత పొలం, బేకరీ, లాండ్రీ, గ్యాసు తయారీ, అన్నీ ప్రహరీ లోపలే.

అంత డబ్బు పోసి దిక్కులేని రోగుల కోసం ఇంత భవనం కట్టినవాళ్లు మనసున్నవాళ్లే అయ్యుండాలి కదా? కానీ నెట్‌లో ఎక్కడ చూసినా జైలు, నరకం, దయ్యాలు అనే రాస్తున్నారు. ఏది నిజం? దయ్యాల సంగతి వద్దు, మా అమ్మ దగ్గర చాలా స్టాక్ ఉంది.

మిర్చియార్డ్

రవి అన్నా, గోడ అందంగా ఉంటే లోపల మనసుందనుకుంటే ఎలా? అక్కడికి తెచ్చింది ఎవర్ని? పేదవాళ్లని. డబ్బున్నవాళ్ల ఇంట్లో ఎవరికైనా మతి చెడితే ప్రైవేటు హోములుండేవి. ఫ్యాక్టరీలొచ్చాయి, ఊళ్లు లండన్‌లో పడ్డాయి, ఇంట్లో మంచాన పడ్డవాణ్ణి చూసుకునే మనిషి లేకుండా పోయాడు. పనికిరాని సరుకు కోసం ఊరి చివర గోడౌన్ కట్టారు. గోడౌన్‌కి గుమ్మటం పెట్టారు, అంతే తేడా.

పాతకాగితాలు

ఇద్దరూ కాస్త ఆగండి. ముందు ఏముండేదో చెప్పకుండా ఇది మంచిదా చెడ్డదా అంటే తేలదు.

1790లో యార్క్ అసైలంలో హన్నా మిల్స్ అనే క్వేకర్ (క్రైస్తవుల్లో ఒక శాఖ) వితంతువు చేరిన కొన్ని వారాలకే చనిపోయింది. చూడ్డానికి వచ్చిన తోటి క్వేకర్లని లోపలికి రానివ్వలేదు. ఆ కోపంతో విలియం ట్యూక్ 1796లో అదే ఊళ్లో 'రిట్రీట్' అని వేరే ఇల్లు తెరిచాడు. గొలుసులు లేకుండా, తోటపనితో, టీ తాగే మర్యాదలతో. కొత్త అసైలాలకి మూలం ఆ ఇల్లు.

1838కల్లా లింకన్‌లో రాబర్ట్ గార్డినర్ హిల్ అనే డాక్టరు రోగుల్ని కట్టెయ్యడం పూర్తిగా మానేశాడు. మరుసటి ఏడాది జాన్ కొనోలీ అనే ఇంకో డాక్టరు లండన్ పడమటి పక్కన హాన్వెల్ అసైలానికి వచ్చాడు. అక్కడ ఎనిమిది వందల మంది రోగులు. కాళ్ల సంకెళ్లు, చేతి బేడీలు, వెనక్కి కట్టే చొక్కాలు, మనిషిని బిగించే కుర్చీలు. కొన్ని నెలల్లో అన్నీ తీసేయించాడు. గోడౌన్ నడిపేవాడు సరుకు కట్లు విప్పుతాడా మిర్చి గారూ?

తర్వాత 1845లో చట్టం వచ్చింది. ప్రతి కౌంటీ (మన జిల్లా లాంటిది) అసైలం కట్టి తీరాలి, తనిఖీకి కమిషనర్లుంటారు. కోల్నీ హ్యాచ్ పుట్టింది ఆ ఊపులో. హాన్వెల్ నిండిపోయింది కాబట్టి దాన్ని కట్టిన మిడిల్‌సెక్స్ కౌంటీయే ఈ రెండోదీ కట్టింది.

అంటే మొదలుపెట్టినవాళ్ల మనసు మంచిదే. దాన్ని పాడుచేసింది క్రూరత్వం కాదు, చిట్టా. పన్ను కట్టేవాడి లెక్క.

మిర్చియార్డ్

చిట్టా అంటే? అర్థమయ్యేలా చెప్పండి సార్. కట్లు విప్పి, వెయ్యిమందిని తలుపులేసి ఉంచితే అది విప్పడమా?

పాతకాగితాలు

చెప్తాను. పేద రోగి ఖర్చు ప్రభుత్వానిది కాదు, పేదల్ని పోషించే స్థానిక సంఘానిది. అంటే ఆ ఊరి పన్నుదారులది. వాళ్ల చేతిలో రెండు దారులు. వర్క్‌హౌస్‌లో (పేదల్ని పెట్టి పని చేయించే చోటు) పడేస్తే చవక. అసైలానికి పంపితే వారానికి ఖర్చెక్కువ. అందుకే మొదట్లో గొడవ చేసేవాళ్లని, ప్రాణం తీసుకుంటారని భయమున్నవాళ్లని మాత్రమే పంపేవారు.

1874లో ప్రభుత్వం ఒక మాట చెప్పింది: అసైలంలో ఉంచిన ప్రతి పేద రోగికీ వారానికి నాలుగు షిల్లింగులు మేమిస్తాం. దాంతో వర్క్‌హౌస్‌కీ అసైలానికీ ఖర్చులో తేడా దాదాపు పోయింది. ఇక వర్క్‌హౌస్‌లో మూలన కూర్చున్న ముసలాయన, ఏదీ గుర్తుండని ముసలమ్మ, ఫిట్లొచ్చే పిల్లాడు, అందరూ 'రోగులు' అయిపోయారు. బండెక్కించి పంపెయ్యడమే. ఎవరూ వాళ్లని తిట్టలేదు, కొట్టలేదు. రిజిస్టరులో ఒక కాలమ్ నుంచి ఇంకో కాలమ్‌లోకి మార్చారు.

1827లో ఇంగ్లండ్ కౌంటీ అసైలంలో సగటున 116 మంది. 1910కి సగటు వెయ్యి దాటింది. వంద మందిని డాక్టరు పేరుపెట్టి పిలవగలడు. రెండు వేల మందిని లెక్కపెడతాడు.

డాక్టరుగారు_రిటైర్డ్

కర్నూలులో ఎంబీబీఎస్ చేసి 1979లో ఇక్కడికొచ్చాను. మనవాళ్లు చాలామంది సైకియాట్రీలో చేరడానికి కారణం మరీ గొప్పది కాదు. సర్జరీలో, కార్డియాలజీలో మాకు పోస్టులిచ్చేవారు కాదు, ఇక్కడివాళ్లు వద్దన్నవి మిగిలేవి. 'పిచ్చాసుపత్రి' అనే మాట నాకు నచ్చదు, కానీ టైటిల్ మార్చమంటే రవి బాధపడతాడు.

మీ ఇద్దరూ మర్చిపోతున్నది రోగం. ఆ రోజుల్లో అసైలంలో చేరే మగవాళ్లలో చాలామందికి ఉన్నది 'జనరల్ పారాలిసిస్'. మనిషి ముందు గొప్పలు చెప్తాడు, రాజునంటాడు, ఉన్నదంతా ఖర్చుపెడతాడు. తర్వాత నాలుక తడబడుతుంది, చేతులు వణుకుతాయి, కొన్నేళ్లలో పక్కమీదే పోతాడు. సిఫిలిస్ మెదడుకెక్కితే వచ్చేది అది. మెదడులో ఆ క్రిమిని 1913లో గానీ చూపించలేకపోయారు. 1917లో వియన్నాలో వాగ్నర్-యౌరెగ్ అనే డాక్టరు మలేరియా ఎక్కించి ఆ జ్వరంతో దీన్ని అణచడం మొదలుపెట్టాడు. దానికి 1927లో నోబెల్ వచ్చింది. అసలు మందు పెన్సిలిన్.

1880లో ఆ రోగిని మీ ఇంటికి తెచ్చి అప్పజెప్తే ఏం చేస్తారు మిర్చి గారూ? కొట్టంలో కట్టేస్తారు. అసైలం ఆయనకి పక్కా, అన్నమూ, పుండ్లు పడకుండా తిప్పి పడుకోబెట్టే మనిషినీ ఇచ్చింది. ఆ కాలానికి వైద్యమంటే అదే. పైగా వచ్చినవాళ్లంతా అక్కడే చావలేదు, చాలామంది ఏడాది తిరక్కుండా ఇంటికెళ్లారు. మిగిలిపోయేవాళ్లు ఏటా పేరుకుపోతుంటే వార్డులు నిండాయి.

నేను పనిచేసింది అలాంటి పాత ఆసుపత్రిలోనే. పేరు వద్దు. మొదటి రోజు నా చేతికి తాళాల గుత్తి ఇచ్చారు, స్టెతస్కోపు కన్నా బరువు. ప్రతి తలుపూ తీసి, దాటి, మళ్లీ వెయ్యాలి. వారం తిరక్కుండా ఇంట్లో బాత్రూమ్ తలుపు కూడా అలవాటుగా లాగి చూస్తున్నానని మా ఆవిడ పట్టుకుంది. నడవాలో ఒక పెద్దాయన ఎప్పుడూ గోడకి భుజం ఆనించి నడిచేవాడు. ఆయన నడిచిన మేర గోడకి నడుము ఎత్తున రంగు పోయి నున్నటి చార పడింది. తర్వాత రంగులేశారు. రెండేళ్లలో చార మళ్లీ వచ్చింది.

సుభద్ర_కేర్‌హోమ్

డాక్టరుగారూ, మీరు చెప్పింది మగవాళ్ల సంగతి. ఆడవాళ్ల సంగతి నేను చెప్తా.

డొరొతీ లారెన్స్ అని ఒకావిడ. 1915లో విలేకరి అవుదామని మగ సిపాయి వేషం వేసి ఫ్రాన్స్ యుద్ధభూమికి వెళ్లింది. పది రోజులున్నాక తనే బయటపెట్టుకుంది. తర్వాత బతుకు సాగలేదు. చిన్నప్పుడు తనని పెంచిన చర్చి పెద్ద తన మీద అత్యాచారం చేశాడని 1925లో డాక్టర్లకి చెప్పింది. పిచ్చిదని రాశారు. ముందు హాన్వెల్, తర్వాత రవి గారి వ్రతం జరిగిన చోటే, కోల్నీ హ్యాచ్. 1964లో అక్కడే పోయింది. దాదాపు నలభై ఏళ్లు. దీన్ని ఏ చిట్టాలో రాస్తారు పాతకాగితాలు గారూ? నాలుగు షిల్లింగుల కోసమా ఉంచారు?

ఇంకోటి. 1965లో బార్బరా రాబ్ అనే ఆవిడ అక్కడ ముసలివాళ్ల వార్డులో ఉన్న తెలిసినావిడని చూడ్డానికి వెళ్లింది. చూసింది ఊరుకోబుద్ధి కాక పత్రికకి ఉత్తరం రాయించింది, 1967లో పుస్తకం వేసింది, దేశమంతా గొడవైంది. పెద్ద ఫిర్యాదు ఏమిటో తెలుసా? ముసలివాళ్ల దగ్గర్నుంచి కళ్లజోళ్లు, కట్టుడు పళ్లు, చెవి మిషన్లు తీసేసుకోవడం.

నేను రాత్రి డ్యూటీ చేసే కేర్‌హోమ్‌లో పళ్లసెట్టు గిన్నె మీద పేరు రాసి టేపు అంటిస్తాం. ఒకసారి గిన్నెలు మారిపోయాయి. పొద్దున్నే ఒకావిడ నోరు మూసుకుని కూర్చుంది, టిఫిన్ ముట్టదు, మాట్లాడదు. ఈవిడ మాట పోయిందేమో, స్ట్రోకేమో అని మేం టెన్షన్ పడ్డాం. పళ్లు దొరికాక ఫస్ట్ మాట "నా టీ చల్లారిపోయింది" అంది. ఒక్క పూట పళ్లు లేకపోతేనే మనిషి తేడాగా కనిపించింది. ఏళ్ల తరబడి జోడూ, పళ్లూ, చెవీ లేకపోతే ఎవరికైనా మతిలేనట్టే కనిపిస్తుంది. డాక్టరు రౌండ్‌కొచ్చి చూసేది ఆ మనిషినే.

పాతకాగితాలు

సుభద్ర గారూ, లారెన్స్ విషయంలో నా లెక్క పనిచెయ్యదు. ఒప్పుకుంటున్నాను. ఆవిడ మాట నమ్మకపోవడానికి షిల్లింగులతో పనిలేదు.

మిర్చియార్డ్

హమ్మయ్య, ఒకటి ఒప్పుకున్నారు. ఇప్పుడు 1903 గురించి కూడా చెప్పండి సార్. జనవరిలో కోల్నీ హ్యాచ్‌లో మంటలొచ్చి యాభై మందికి పైగా ఆడవాళ్లు చచ్చిపోయారు. చాలామంది తూర్పు లండన్ నుంచి వచ్చిన యూదులు. ఇంగ్లీషు కూడా సరిగా రానివాళ్లు ఎంతమందో. ఆల్బర్ట్ గారి గుమ్మటం కింద కాదు వాళ్ల పక్కలు. స్థలం చాలక వెనకాల చెక్కతో, రేకులతో వేసిన 'తాత్కాలిక' షెడ్లలో. తాత్కాలికం అంటే ఏడేళ్లు గడిచాయి.

పాతకాగితాలు

నేను చెప్తున్నది సరిగ్గా అదే కదండీ! ఇటుకతో కట్టాలంటే ఖర్చు. చెక్క చవక. వాళ్లని చంపాలని ఎవరూ అనుకోలేదు, ఇటుకల డబ్బు మిగుల్చుకుందామనుకున్నారు.

మిర్చియార్డ్

చచ్చినవాళ్లకి తేడా ఏముంది?

వాల్తేరు_వాసు

లేటుగా వచ్చాను. చిన్న విషయం. మనవైపు "వీణ్ణి ఎర్రగడ్డలో చేర్చాలి" అన్నట్టే లండన్‌లో "కోల్నీ హ్యాచ్‌కి పంపాలి" అనేవారట. పేరే తిట్టయిపోయింది. అందుకే 1937లో ఫ్రయర్న్ మెంటల్ హాస్పిటల్ అని మార్చారు. మా పెద్ద వాల్తేరులో ఆసుపత్రి ఉండబట్టి మా చిన్నప్పుడు "మీది ఏ ఊరు" అంటే చెప్పడానికి సిగ్గుపడేవాళ్లం, అది వేరే కథ.

ఇంకోటి: మన దగ్గర ఈ ఆసుపత్రుల్ని నడిపిన చట్టం బ్రిటిష్‌వాళ్లదే, 1912 నాటి లూనసీ యాక్ట్. దాని బదులు వచ్చిన 1987 చట్టం అమల్లోకి వచ్చింది 1993లో. ఫ్రయర్న్ మూసేసింది కూడా 1993లోనే. వాళ్లు ఆసుపత్రి మూసిన ఏడాదే మనం చట్టం మార్చాం.

ఉత్తరలండన్_రవి

మూసేశాక లోపలున్నవాళ్లు ఏమయ్యారు? రోడ్ల మీద పడ్డారని మా ఆఫీసులో ఒకాయన అన్నాడు.

డాక్టరుగారు_రిటైర్డ్

అందరూ అదే అంటారు. కానీ ఫ్రయర్న్, క్లేబరీ ఆసుపత్రుల నుంచి బయటికి పంపిన పాత రోగుల్ని జూలియన్ లెఫ్ అనే సైకియాట్రిస్టు బృందం ఐదేళ్లు వెంటబడి చూసింది. ఇంత పద్ధతిగా చూసినవి తక్కువ. ఐదేళ్ల తర్వాత కూడా మూడింట రెండొంతుల మంది మొదట పెట్టిన ఇంట్లోనే ఉన్నారు. ఇల్లు లేకుండా పోయినవాళ్లు, నేరాలు చేసినవాళ్లు అతి తక్కువ. ఎక్కువమంది వెనక్కి రామన్నారు. జబ్బు తగ్గిందని కాదు, జబ్బు అలాగే ఉంది. ఫ్రిజ్ తలుపు తమంతట తాము తీసుకోవచ్చు, అదీ సంగతి.

రోడ్డున పడ్డవాళ్లు లేరనను. వాళ్లు ఎక్కువగా తర్వాతి తరం, కొత్తగా జబ్బుపడ్డవాళ్లు. పాత ఆసుపత్రి మూశారు, వాళ్లకి కావలసినన్ని మంచాలు ఎక్కడా పెట్టలేదు. ఇందులో మాత్రం పాతకాగితాలు గారి చిట్టా నూటికి నూరుపాళ్లు పనిచేస్తుంది.

మిర్చియార్డ్

స్థలం మాత్రం ఫ్లాట్లకి బాగా పనికొచ్చింది. స్విమ్మింగ్ పూల్ కూడా పెట్టారట. రవి అన్నా, మీ ఫ్రెండ్ అద్దె ఎంతో అడిగావా?

ఉత్తరలండన్_రవి

అడిగాను. చెప్తే నువ్వు ఇంకో పది పోస్టులు పెడతావు.

నిజంగా అడుగుతున్నాను పాతకాగితాలు గారూ, అక్కడున్నవాళ్ల పేర్లు ఎక్కడైనా దొరుకుతాయా? మా ఫ్రెండ్ భార్య అడిగింది. తన బెడ్‌రూమ్ ఉన్నచోట ఎవరు పడుకునేవారో తెలుసుకోవాలని ఉందట. భయంతో కాదు, ఊరికే.

పాతకాగితాలు

ఏ గదిలో ఎవరో తెలియదు, వార్డుల గోడలు పడగొట్టి మార్చేశారు. కానీ ఆసుపత్రి రిజిస్టర్లు లండన్ నగర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, క్లర్కెన్‌వెల్‌లో. రోగుల కాగితాలు వందేళ్లు దాటితేనే చూడనిస్తారు. కాబట్టి డొరొతీ లారెన్స్ మొదటి కాగితాలకి ఇప్పుడిప్పుడే టైమొచ్చినట్టు. ముందే పేరు నమోదు చేయించుకోండి. పెన్ను లోపలికి రానివ్వరు, పెన్సిల్ పట్టుకెళ్లండి.

సుభద్ర_కేర్‌హోమ్

వెళ్లే రోజు చెప్పండి, నేనూ వస్తాను. మంగళవారం తప్ప ఏ రోజైనా ఫరవాలేదు.