'నెట్రిన్'లో ఉన్నది నేతృ శబ్దమా, నేత్రమా?

కర్నూలు నుంచి: డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్తాను. పిండంలో నరాలు దారి పట్టే పాఠానికి తెలుగులో నోట్సు రాస్తున్నా. ఆక్సాన్ (నరకణం నుంచి సాగే పొడవాటి పోగు) కొనన ఉండే గ్రోత్ కోన్‌ను, అంటే దారి వెతుక్కునే మొనను, నడిపించే ప్రోటీన్లకు 1994లో 'నెట్రిన్' అని సంస్కృతం నుంచి పేరు పెట్టారు కదా. అక్కడికి రాగానే క్షీరసాగరమథనంలో వాసుకిని 'నేత్రము' చేశారన్న పద్యమొకటి నాలుక చివర ఆడుతోంది, పాదం మాత్రం అందడం లేదు. పోతనదేనా?

ప్రొద్దుటూరు: పద్యం సంగతి తర్వాత చూద్దాం సార్. నెట్రిన్‌కు మూలం నేత్రం కాదు, నేతృ శబ్దం. దారి చూపేవాడని అర్థం. ఋకారాన్ని ఉత్తరాదివాళ్లు 'రి' అని పలుకుతారు కాబట్టి 'ట్రి' వచ్చింది. మనవాళ్లు పెట్టి ఉంటే 'నెత్రున్' అయ్యేది.

అనంతపురం: ఉచ్చారణ దాకా ఎందుకన్నా? ఇన్సులిన్, మయోసిన్‌లలో లాగే చివర ఉన్నది 'ఇన్'. ఋ తర్వాత అచ్చు వస్తే యణాదేశం. పితృ+ఆర్జితం పిత్రార్జితం అయినట్టే, నేతృ+ఇన్ నేత్రిన్.

కడప: సంధి బాగా కుదిరింది. అయినా నేను నేత్రం పక్షమే, అదీ కవ్వపు తాడు అనే అర్థంలో. వెన్నుపాము అడుగు మధ్యన ఉండే కణాల పట్టీ నుంచి నెట్రిన్ వ్యాపించి, దూరం నుంచే ఆక్సాన్లను రప్పిస్తుందని చాలా ఏళ్లు చదువుకున్నాం. 2017లో చిట్టెలుక పిండాల్లో, మెదడు వెనక భాగాన, ఆ పట్టీలో మాత్రమే నెట్రిన్ లేకుండా చేసి చూశారు. ఆక్సాన్లు చాలావరకు మామూలుగానే మధ్యగీత దాటాయి. మెదడు గోడ లోపలి అంచు నుంచి బయటి అంచు దాకా సాగి ఉండే మూలకణాలు తయారుచేసే నెట్రిన్‌ను తీసేస్తేనే దారి తప్పాయి. ఆ కణాల పొడవునా నెట్రిన్ బయటి అంచుకు చేరుతుంది. గ్రోత్ కోన్ సన్నటి పోగులు చాచి, దానికి అంటుకుని, తనవైపు లాగుతూ ఆ పట్టుతోనే ముందుకు పాకుతుంది. దూరాన నిలబడి పిలిచే నేత కంటే చేతికి అందే తాడే దగ్గరగా లేదూ?

ప్రొద్దుటూరు: పేరు పెట్టినవాళ్ల మనసులో ఉన్నది నేతృ శబ్దమే. 2017 ఫలితంతో 1994 నాటి వ్యుత్పత్తి మారదు.

ఆదోని: కర్నూలు సార్, కడప వారు చెప్పిన ఆ సాగిన మూలకణాలే రేడియల్ గ్లియా. గ్లియాను 'ఆధార కణాలు' అని మాత్రం రాయొద్దు. రేడియల్ గ్లియా పోగుల మీద న్యూరాన్లు (నరకణాలు) ఎగబాకడం 1970లలో రాకిచ్ అనే శాస్త్రవేత్త కోతి పిండాల్లో చూపించారు. ఆ గ్లియాయే న్యూరాన్లను కంటుందని 2000 తర్వాత స్థిరపడింది. తల్లిని పట్టుకుని ఉత్త నిట్రాట అంటే ఎలా?

కడప: నిజమే. ఇంకో మాట. నెట్రిన్ ఎప్పుడూ రమ్మనే అనదు. ఆక్సాన్ మీద డి.సి.సి. గ్రాహకం ఉంటే రమ్మంటుంది, అన్క్-5 అనే గ్రాహకం ఉంటే పొమ్మంటుంది. నాకైతే మా ఒంటిమిట్ట పోతన గుర్తొస్తాడు: 'మందార మకరంద మాధుర్యమునఁ దేలు మధుపంబు వోవునే మదనములకు'. ఎటు పోవాలన్నది పోయేదాని గుణాన్ని బట్టి కూడా ఉంటుంది.

అనంతపురం: పోతన ఒంటిమిట్టా, బమ్మెరా అన్నది ఇప్పుడు ఎత్తను. అక్కడ 'మదనము' అంటే ఉమ్మెత్త అనే కదా మీరు చెప్పుకునేది? ఉమ్మెత్త పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, వాటికి ఎక్కువగా వచ్చేవి రాత్రి తిరిగే రెక్కల పురుగులు. తుమ్మెద పోదని వేరే చెప్పాలా? మదనమంటే మంగ చెట్టు కూడా. దాని పూలు తెల్లగా, మంచి వాసనతో ఉంటాయి. తుమ్మెదకు నిజంగా ఆశ పుట్టే చోటైతేనే 'వోవునే' అన్న ప్రశ్నకు బలం.

ప్రొద్దుటూరు: మంగ అనే అర్థం వైద్య నిఘంటువుల్లోది. కావ్యంలో ఉమ్మెత్తే. మందారానికి ఎదురుగా నిలబెట్టడానికి విషపు పువ్వే కావాలి.

అనంతపురం: పక్క పాదాలు చూడన్నా. రాయంచ పోనన్న తరంగిణులు విషమా? కోయిల చేరనన్న కుటజాలు విషమా? అన్నీ మామూలువే. మదనం ఒక్కటే విషం ఎందుకవుతుంది?