పాత వెండి కంచం వెనక చెక్కిన పేరు: చెరిపించాలా, ఉంచాలా?

గోదారిగట్టు:
పదకొండేళ్లుగా పాత వెండి సామాను కూడబెడుతున్నాను. కంచాలు, పన్నీరు బుడ్లు, గంధపు గిన్నెలు, ఒక అరలో రంగు గాజు గ్లాసులు కూడా ఉన్నాయి. పోయిన నెల రాజమండ్రిలో ఒక వెండి కొట్టులో, కరిగించడానికి పక్కన పెట్టిన కుప్పలో ఒక కంచం దొరికింది. వెండి రేటు కట్టి, పైన కొంచెం ఇచ్చి తెచ్చుకున్నాను. వెనకవైపు ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలున్నాయి. చి.ల.సౌ. అని ఒక ఆడపిల్ల పేరు, కింద మేనమామ పేరు, ఊరు, 1921, చివర ‘58 తు.’ అని. పేర్లు, ఊరు ఇక్కడ రాయను. పండగలకు ఇందులో భోంచేద్దామని నా ఆశ. ఎవరి పేరో ఉన్న కంచంలో ఎలా తింటామని మా ఆవిడ అంటోంది. మెరుగు పెట్టి పేరు తీసేయడం పది నిమిషాల పని అని కొట్టువాళ్లు అంటున్నారు. ఏం చేయమంటారు?

పాతసామాను:
దయచేసి ముట్టుకోకండి. ఇంగ్లండు వెండికి నాణ్యం పరీక్షించి కొట్టే చిరుతపులి తల ముద్ర 1300 నుంచి ఉంది, నడిచే సింహం 1544 నుంచి ఉంది. బర్మింగ్‌హామ్‌లో పరీక్షించారా, ఇంకో ఊళ్లోనా అన్నది లంగరు గుర్తు చూసి చెప్పేయొచ్చు. మన పల్లెల్లో కంసాలి చేసిన కంచానికి అలాంటివేమీ ఉండవు. ఎవరి కోసం చేశారు, ఎప్పుడు చేశారు, ఎంత తూకం పెట్టారు అన్నదానికి ఆ చుక్కలే దిక్కు. అవి పోతే మీ చేతిలో మిగిలేది ఒక వెండి పళ్లెం.
ఇంకో సంగతి. చెరిపినా పూర్తిగా పోదు. అక్కడ పలచబడి గుంట పడుతుంది. వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే తెలిసిపోతుంది. నోటితో ఆవిరి ఊదినా చాలాసార్లు పాత గీతలు తేలతాయి.

సరోజ_ఏలూరు:
పేరుంటే ఏమైందండీ? మా ఇంట్లో ప్రతి గిన్నె మీదా మా నాన్నమ్మ పేరే.

తూకంరాజు:
ముప్పై ఏళ్లు వెండి పనిలో ఉన్నాను. మెరుగులో పోయేది అర గ్రాము. అర గ్రాము కోసం ఇంత చర్చా? కొట్టులో పేరుకి రూపాయి ఎక్కువ రాదు. తూకం, మచ్చు (అంటే వెండి నాణ్యం), తరుగు, అంతే. మీ కంచం ఇప్పుడెంత తూగింది?

గోదారిగట్టు:
668 గ్రాములు.

తూకంరాజు:
చూశారా. 58 తులాలంటే పాత తులం లెక్కన, అంటే 11.66 గ్రాముల చొప్పున, 676. తోమి తోమి ఎనిమిది గ్రాములు ఎప్పుడో పోయాయి. వందేళ్లు చింతపండు, విభూతి పెట్టి తోమినప్పుడు బాధపడనివాళ్లు ఇప్పుడు అర గ్రాముకి బాధపడటమేమిటి?

పాతసామాను:
ఆ ఎనిమిది గ్రాములూ కంచమంతా కొద్దికొద్దిగా అరిగి పోయినవి. అది వాడకం. మీరు చెప్పే అర గ్రాము ఒక్కచోట, కావాలని తీసేది. రెండూ ఒకటి కావు. పైగా ‘58 తు.’ అన్న రాత ఉండబట్టే కదా ఎంత అరిగిందో మీరు లెక్క కట్టగలిగారు!
గాజు విషయంలో నేను చేసిన తప్పు చెప్తాను. మా తాతగారివి ఆరు బొహీమియా (ఇప్పటి చెక్ దేశం) గ్లాసులు. పైన ఎర్ర పొర, దాని మీద ద్రాక్షతీగ చెక్కితే లోపలి తెల్లగాజు కనపడుతుంది. ఒకదానికి అంచు దగ్గర గోరంత పెచ్చు ఊడింది. సానపట్టించాను. బంగారు గీత పోయింది, మూడు మిల్లీమీటర్ల ఎత్తు తగ్గింది. ఇప్పుడు ఐదు పక్కపక్కన పెడితే ఆరోది పొట్టిగా నిలబడుతుంది. పెచ్చుతోనే ఉంచి ఉంటే జత మిగిలేది.

డల్లాస్_శ్రీను:
మా అత్తగారి కంచం మీద 1919 ఉంది. అమెరికా తెచ్చుకోవచ్చా? తేదీ చెరిపిస్తే ఇబ్బంది ఉండదని ఒకరన్నారు.

పాతసామాను:
1972 నాటి చట్టం ప్రకారం వందేళ్లు దాటిన చేతిపని వస్తువు పురావస్తువు కిందికి వస్తుంది. దాన్ని సొంతంగా దేశం దాటించకూడదు. తేదీ చెరిపితే వయసు తగ్గదు, సాక్ష్యం నాశనమవుతుంది. ఆ సలహా ఇచ్చినవారి మాట వినకండి.

మణి_విజయనగరం:
నా దగ్గరున్న ట్రేకి ‘ఇ.పి.ఎన్.ఎస్.’ అని నాలుగక్షరాలున్నాయి. ఇంగ్లండు వెండే కదా? పేరు చెరిపిస్తే లోపల పచ్చగా వచ్చింది.

తూకంరాజు:
అది వెండి పూత బాబూ, లోపల రాగి, నికెల్, తుత్తునాగం కలిపిన లోహం. 1840లో ఇంగ్లండులో ఎల్కింగ్టన్ కంపెనీ వాళ్లు పేటెంటు తీసుకున్నప్పటి నుంచి ఆ కరెంటు పూతలు పెరిగాయి. పూత సామానుకి మెరుగు అసలు పెట్టకూడదు. ఈ ఒక్క విషయంలో పాతసామాను గారి వైపే నేను.

కృష్ణవేణి_గుంటూరు:
ఇంతసేపూ చదివాను. గ్రాములు, ముద్రలు అంటున్నారు. ఆ పేరు ఎందుకు కొట్టించారో ఒక్కరూ అడగలేదు. పిల్ల అత్తారింటికి వెళ్తుంది, పది ఇళ్ల సామాను కలిసిపోతుంది, ఇది నాది అని చెప్పుకోవడానికి ఆమెకి ఆ చుక్కలే మిగులుతాయి. మా అమ్మ కంచం మీద ఆమె పేరు, మా మేనమామ పేరు ఉండేవి. అమ్మ పోయిన పదిహేనో రోజుకి ఆ కంచం ఇంట్లో లేదు. కొత్త గ్లాసుల సెట్టు వచ్చింది. వెండి కిలో లక్ష దాటాక మంచి రేటు పలికిందని మా అన్నయ్య చెప్పాడు. నన్ను అడగలేదు. ఇప్పుడు ఎవరో ఒకరు దాన్ని కొని, నాలుగు ఫొటోలు పెట్టి, పేరు ఉంచాలా వద్దా అని అడుగుతూ ఉంటారు.

పాతసామాను:
అమ్మా, మీ బాధ అర్థమైంది. కానీ ఇక్కడ వస్తువు గురించి మాట్లాడుతున్నాం. అన్నదమ్ముల తగాదాలు వేరే చోట చూసుకోవచ్చు. గోదారిగట్టు గారు కొనకపోతే ఆ కంచం కరిగిపోయేది.

కృష్ణవేణి_గుంటూరు:
పేరు ఆ వస్తువుకి పుట్టుపూర్వోత్తరం అన్నది మీరే. అది ఎవరి పేరు అని అడిగితే మాత్రం తగాదా అంటున్నారు. మీకు ఆ పేరు అలమారలో విలువ పెంచే గుర్తు. నాకది మా అమ్మ. స్త్రీధనం అంటే ఆమె సొంతం, అది ఎవరికి వెళ్లాలో ఆమె చెప్పాలి. చెప్పే అవకాశం ఎంతమందికి దొరికింది?

సరోజ_ఏలూరు:
ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? కాస్త మర్యాదగా మాట్లాడండి.

తూకంరాజు:
ఒకటి చెప్పాలి. పొద్దున నేను రూపాయి ఎక్కువ రాదు అన్నాను. అది నిజమే. కానీ కరిగించే సామానుకి పేరు ఉంటే ఏం, లేకపోతే ఏం? అయినా మా కొట్టుకి తెచ్చేవాళ్లలో కొందరు ముందు పేరు తీసేయమని అడుగుతారు, తర్వాతే తూకం వేయమంటారు. ఎందుకని నేను ఏనాడూ అడగలేదు. ఊళ్లో ఎవరైనా చూసి గుర్తుపడతారని భయం. చాలావాటి మీద ఆడవాళ్ల పేర్లే ఉండేవి. నేనే నా చేత్తో తీసేశాను.

పాతసామాను:
కృష్ణవేణి గారూ, తగాదా అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ కొన్నవాళ్ల మీద నేరం వేయడం మాత్రం ఒప్పుకోను. రసీదు ఉంది, డబ్బు కట్టారు.

కృష్ణవేణి_గుంటూరు:
నేరం అనలేదు. కొన్న మనిషి ఒక్కసారి వెతకొచ్చు కదా అంటున్నాను. ఊరి పేరు ఉంది, మేనమామ పేరు ఉంది.

గోదారిగట్టు:
పేరు ఉంచుతున్నాను. మా ఆవిడకి పై మాటలన్నీ చదివి వినిపించాను. ఆమె కంచం తిప్పి అక్షరాల మీద వేలు పెట్టి చూసింది. ‘సౌ’ దగ్గర అరిగిపోయింది, మిగతావి వేలికి తగులుతున్నాయి. ఆ ఊరు మాకు ముప్పై కిలోమీటర్లే. ఆదివారం వెళ్తున్నాం. ఎవరైనా దొరికి అడిగితే ఇచ్చేయాలా, కొన్న ధర తీసుకోవాలా అన్నది ఇంకా మా ఇద్దరి మధ్య తేలలేదు.

తూకంరాజు:
కంచం వెంట తీసుకెళ్లకండి. వెనకవైపు కాగితం పరిచి పెన్సిలు రుద్దండి, చుక్కలన్నీ పడతాయి. అది పట్టుకెళ్లండి.