22 ఏళ్ల ఒరాకిల్ అనుభవం, పది నెలలుగా ఉద్యోగం లేదు: విజయవాడ వదలకుండా దారి ఉందా?

కృష్ణలంక వాసి (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. నా వయసు 46. 2003లో ఎం.సి.ఏ. పూర్తిచేసి చెన్నైలో ఉద్యోగంలో చేరాను. అక్కడ ఆరేళ్లు, హైదరాబాదులో పదకొండేళ్లు పనిచేశాక, 2020 మార్చిలో లాక్‌డౌన్ రావడంతో విజయవాడలోని మా ఇంటికి వచ్చాను. మరుసటి ఏడాది నాన్నగారికి పక్షవాతం వచ్చింది. కంపెనీ అనుమతితో ఇక్కడినుంచే పనిచేస్తూ ఉండిపోయాను. ఇన్నేళ్లూ నా పని ప్రధానంగా ఒరాకిల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లోనే సాగింది. అప్పులిచ్చే ఒక ఫైనాన్స్ సంస్థకు రోజువారీ వడ్డీ లెక్కించడం, నెలాఖరున ఖాతాలు ముగించడం, బకాయిపడిన వాయిదాలను విడదీసి చూపడం వంటి పనులకు ఒరాకిల్ సొంత భాష పి.ఎల్./ఎస్.క్యూ.ఎల్.లో ప్రోగ్రాములు వ్రాసేవాడిని, తెరలు ఒరాకిల్ ఫార్మ్స్‌లో తయారుచేసేవాడిని. గత సంవత్సరం ఆ సంస్థ పాత సాఫ్ట్‌వేర్‌ను పక్కనపెట్టి బయట కొన్న కొత్తదానికి మారింది, మా జట్టులో పదకొండు మందిని ఒకే వారంలో పంపించివేశారు.

అప్పటినుంచి సుమారు 140 దరఖాస్తులు పెట్టాను. తొమ్మిది ఫోన్లు వచ్చాయి, మూడు చోట్ల మాత్రమే మొదటి ఇంటర్వ్యూ దాటాను. ఒకచోట, నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడైన మేనేజరు కింద పనిచేయడానికి ఇబ్బంది ఉండదా అని మూడుసార్లు అడిగారు. ఉండదని మూడుసార్లూ నిజమే చెప్పాను, కాని వారు నమ్మలేదని ముఖం చూస్తేనే తెలిసింది. ఇంకొకచోట బైనరీ ట్రీ మీద ఒక లెక్క ఇచ్చి నలభై నిమిషాల్లో ప్రోగ్రాము వ్రాయమన్నారు. వ్రాశాను గాని యాభై ఐదు నిమిషాలు పట్టింది. మూడవచోట అంతా సవ్యంగా జరిగాక, వారానికి ఐదు రోజులూ హైదరాబాదు ఆఫీసుకు రావాలన్నారు. నాన్నగారిని కదిలించే స్థితి లేదు, నా భార్య ఇక్కడ ఒక ప్రైవేటు పాఠశాలలో టీచరు, అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉంది.

మరొక విషయం చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెబుతున్నాను. ఒక కన్సల్టెన్సీవారు లక్షన్నర రూపాయలు కడితే నాలుగేళ్ల క్లౌడ్ అనుభవం ఉన్నట్లు పత్రాలు తయారుచేసి ఇస్తామన్నారు. వద్దన్నాను. అయినా ఆ రాత్రి నిద్ర పట్టక, కట్టి ఉంటే ఏమయ్యేదని చాలాసేపు ఆలోచించిన మాట వాస్తవం.

ఉద్యోగం పోయిన సంగతి నాన్నగారికి ఇంతవరకు చెప్పలేదు. ఉదయం తొమ్మిదింటికి లాప్‌టాప్ తెరిచి ఆయన మంచం ఎదుటే కూర్చుంటాను. సాయంత్రం ఆయన “ఇవాళ పని అయిందా?” అని కష్టం మీద మాట కూడదీసుకుని అడుగుతారు, అయిందంటాను.

నాకు వచ్చినది పాతబడిపోయిందని అనిపిస్తోంది. అంతా మొదటినుంచి నేర్చుకోవాలా, జీతం సగానికి తగ్గించుకుని ఏదో ఒకదానిలో చేరాలా, లేక ఈ రంగమే వదిలివేయాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. ఈ దశ దాటినవారు ఎవరైనా ఉంటే, దయచేసి వారు ఏం చేశారో వివరంగా చెప్పగలరు.

గుణదల డి.బి.ఎ.

నమస్కారమండీ. 2021లో నేనూ ఏడు నెలలు ఖాళీగా ఉన్నాను కనుక మీ పరిస్థితి నాకు అర్థమవుతుంది. అయితే మీకు వచ్చినది పాతబడిపోయిందన్న మాటను నేను ఒప్పుకోను. ఒరాకిల్ ఫార్మ్స్ పని తగ్గిన మాట నిజమే. కాని ఒరాకిల్ లైసెన్సు ఖర్చు భరించలేక పోస్ట్‌గ్రెస్ అనే ఉచిత డేటాబేస్‌కు మారుతున్న సంస్థలున్నాయి. నేను ఇప్పుడు చేస్తున్నది ఆ పనే. అక్కడ పని ఆగిపోయేది పోస్ట్‌గ్రెస్ తెలియక కాదు, ఇరవై ఏళ్ల కిందట వ్రాసిన పి.ఎల్./ఎస్.క్యూ.ఎల్. చదివి, అది ఏ ఉద్దేశంతో వ్రాశారో చెప్పగలిగినవారు దొరకక ఆగిపోతుంది.

పట్టికలను, డేటాను తరలించడానికి ఓరా2పీజీ అనే ఉచిత సాధనం ఉంది. ప్రోగ్రాములను కూడా అది చాలావరకు మార్చి ఇస్తుంది. చిక్కంతా దాని తరువాతే మొదలవుతుంది, ఎందుకంటే మార్చిన ప్రోగ్రాము ఏ ఎర్రరూ చూపకుండా నడుస్తూనే లెక్క తప్పవచ్చు. ఉదాహరణకు, ఒరాకిల్‌లో ఖాళీ స్ట్రింగ్ (అక్షరమేదీ లేని పాఠం) అంటే నల్, అంటే అసలు విలువే లేదని. పోస్ట్‌గ్రెస్‌లో ఆ రెండూ వేరు. ఒరాకిల్‌లో ఒక పేరుకు నల్‌ను కలిపితే పేరు అలాగే మిగులుతుంది, పోస్ట్‌గ్రెస్‌లో మొత్తం నల్ అయిపోతుంది. ఇంటిపేరు, అసలు పేరు, మధ్య పేరు కలిపి అచ్చువేసే నివేదికలో, మధ్య పేరు లేని ఖాతాదారులందరి గడీ ఖాళీగా వస్తుంది. అలాగే ఒరాకిల్‌లో డేట్ అంటే తేదీతోపాటు గంటలు, నిమిషాలు, సెకన్లు కూడా ఉంటాయి, పోస్ట్‌గ్రెస్‌లో డేట్ అంటే తేదీ మాత్రమే. ఆ తేడా గమనించకుండా మార్చితే, ఒకేరోజు పడిన రెండు చెల్లింపుల్లో ఏది ముందో తెలియకుండా పోతుంది, వడ్డీ ముందు తీసుకోవాలా అసలు ముందు తీసుకోవాలా అన్న క్రమమే దెబ్బతింటుంది. ఈ మాట వినగానే మీకు ఏ ప్రోగ్రాము గుర్తొచ్చి ఉంటుందో నేను ఊహించగలను. నిన్నమొన్న చేరినవారికి అది తోచడం చాలా కష్టం.

వీటికంటే నాకు ఎక్కువ కష్టం కలిగించినవి ఇంకో రెండున్నాయి. ఒరాకిల్ ప్యాకేజీలకు (సంబంధం ఉన్న ప్రోగ్రాములను ఒకచోట కట్టిన మూటలకు) పోస్ట్‌గ్రెస్‌లో సమానమైనది లేదు. స్కీమాలుగా, అంటే డేటాబేస్‌లో విడి విభాగాలుగా విడదీస్తాం, కాని ప్యాకేజీలో దాచుకున్న వేరియబుళ్ల విలువలు సెషన్ అంతా నిలిచి ఉంటాయని నమ్మి వ్రాసిన ప్రోగ్రాములను చేత్తో తిరిగి వ్రాయవలసిందే. రెండవది, ఒక లావాదేవీ మధ్యలో ఒక ఆదేశం విఫలమైతే ఒరాకిల్ ఆ ఒక్క ఆదేశాన్నే వెనక్కు తీసుకుంటుంది, పోస్ట్‌గ్రెస్ మాత్రం ముందే సేవ్‌పాయింట్ (తప్పు వస్తే వెనక్కు రాగల గుర్తు) పెట్టుకోకపోతే ఆ లావాదేవీ మొత్తాన్ని నిలిపివేస్తుంది. పదివేల ఖాతాలకు వడ్డీ వేసే రాత్రి జాబ్‌లో ఒక్క ఖాతా దగ్గర తప్పు వస్తే మిగిలిన 9,999 ఏం కావాలన్నది మీరు ఎన్నిసార్లు తేల్చి ఉంటారో కదా. జాబ్ మధ్యలో కమిట్ చేసే, అంటే అప్పటివరకు చేసిన మార్పులను ఖాయం చేసే సౌకర్యం పోస్ట్‌గ్రెస్ ప్రొసీజర్లకు 2018లో, 11వ వెర్షన్‌తో వచ్చింది. ఫంక్షన్లకు ఇప్పటికీ లేదు.

మీరు చేయవలసినది ఒకటి సూచిస్తాను. మీ పాత సంస్థ కోడ్ ఒక్క పంక్తి కూడా ముట్టుకోకుండా, మీరే కొత్తగా ఒక చిన్న అప్పుల ఖాతా వ్యవస్థను ఒరాకిల్ ఉచిత ఎడిషన్‌లో కట్టండి. దాన్ని పోస్ట్‌గ్రెస్‌కు మార్చండి. మార్చేటప్పుడు ఎక్కడెక్కడ లెక్క తప్పిందో, ఎలా పట్టుకున్నారో, ఎలా సరిచేశారో ఒక్కొక్కటి వ్రాసి, ప్రోగ్రాములు నలుగురికీ చూపే గిట్‌హబ్ సైటులో పెట్టండి. నాకు ఆరు వారాలు పట్టింది, ఇంటర్వ్యూకు పిలిచినవారు నా రెజ్యూమే కంటే దాన్నే ఎక్కువసేపు చదివారు. బైనరీ ట్రీల విషయానికి వస్తే, అవి ఒక పరీక్ష. ఇంటర్‌లో లెక్కలు అభ్యాసం చేసినట్లు రోజూ ఒక గంట చేయడమే మార్గం. యాభై ఐదు నిమిషాల్లో వ్రాయగలిగినవారు రెండు నెలల్లో ముప్పైకి రాగలరు.

మంగళగిరి రిక్రూటర్

నేను పద్నాలుగేళ్లుగా ఐ.టి. నియామకాలు చూస్తున్నాను. వయసు చూసి పక్కన పెట్టడం ఈ రంగంలో ఉన్నదే, దాన్ని లేదని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. అయితే మీ 140 దరఖాస్తుల్లో చాలావాటిని ఏ మనిషీ చదివి ఉండరు. నౌకరీ వంటి పోర్టళ్లలో మేము వెతికేటప్పుడు, సంస్థ చెప్పిన ప్రకారం అనుభవం 8 నుంచి 12 ఏళ్లు అని, జీతం ఇంతవరకు అని హద్దులు పెడతాము. 22 ఏళ్లని నమోదు చేసుకున్నవారి పేరు ఆ జాబితాలోకే రాదు. అందువల్ల, అబద్ధం చెప్పమని కాదుగాని, పోర్టల్ మీద ఆధారపడటం తగ్గించి, మీతో పనిచేసి ఇప్పుడు వేరేచోట్ల ఉన్నవారికి ఒక్కొక్కరికి విడివిడిగా ఉత్తరం వ్రాయండి. ఉద్యోగం కావాలని మాత్రమే వ్రాస్తే వారికి ఏం చేయాలో తోచదు. ఒరాకిల్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కు మారే పని మీ దగ్గర ఉందా, వడ్డీ లెక్కల భాగం నేను చూడగలను అని వ్రాస్తే ఎవరికి పంపాలో వారికి తెలుస్తుంది. పదకొండు మంది ఒకేసారి బయటికి వచ్చారన్నారు గదా, వారిలో ఇప్పటికే చేరినవారితో మొదలుపెట్టండి.

రెజ్యూమే రెండు పుటలు దాటవద్దు. 2003 నుంచి 2012 వరకు చేసినదంతా నాలుగు పంక్తుల్లో చాలు. ఎన్ని ఖాతాలు, ఎంత సమయంలో, ఏం తప్పు పట్టుకున్నారు అన్నవి అంకెలతో వ్రాయండి. చిన్నవాడైన మేనేజరు గురించి అడిగినప్పుడు ఇబ్బంది లేదని చెప్పి ఊరుకోకుండా, ఒక చిన్నవాడి దగ్గర మీరు నేర్చుకున్న సందర్భం ఒకటి చెప్పండి. మూడవసారి అడగరు.

ఆ లక్షన్నర కట్టకపోవడం ఎంత మంచిదో చెప్పాలి. భవిష్యనిధి (పి.ఎఫ్.) సభ్యుడి శాశ్వత సంఖ్య అయిన యు.ఏ.ఎన్. కింద మీరు ఏ సంస్థలో ఏ తేదీన చేరారో, ఏ తేదీన వైదొలగారో సర్వీసు చరిత్ర ఉంటుంది. వెరిఫికేషన్ చేసేవారు దానితో పోల్చి చూస్తారు. అందులో లేని నాలుగేళ్లు రెజ్యూమేలో కనిపిస్తే, ఉద్యోగంలో చేరిన ఆరు నెలల తరువాతైనా తీసివేస్తారు, అప్పుడు నిజమైన 22 ఏళ్లకు కూడా విలువ ఉండదు. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి మోసపోయినవారు ఎవరైనా ఇది చదువుతుంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.

జీతం తగ్గించుకోవడం గురించి కూడా అడిగారు. సగానికి నేనైతే ఒప్పుకోను, కాని నాలుగోవంతు తగ్గినా ఇంటినుంచి పని అయితే ఒప్పుకుంటాను. హైదరాబాదులో అద్దె, వారం వారం ప్రయాణం, నాన్నగారి దగ్గర ఉంచవలసిన మనిషికి జీతం లెక్కవేస్తే ఆ తేడా చాలావరకు అక్కడే పోతుంది.

పటమట నుంచి

బీమా సంగతి ఎవరూ అడగలేదు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఉద్యోగంతోపాటు కంపెనీ ఆరోగ్య బీమా కూడా ఆగిపోతుంది. ముందే అడిగి ఉంటే అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారే వీలుండేది, పది నెలలు గడిచాయి గనుక ఇప్పుడు కొత్తది తీసుకోవలసిందే. బి.పి., షుగరు వంటివి ఏమున్నా దాచకండి. ముందునుంచి ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం 2024 నుంచి గరిష్ఠంగా మూడేళ్లే. వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జి.ఎస్.టి. లేదు. భవిష్యనిధి డబ్బు జోలికి చివరివరకు వెళ్లకండి. పెన్షను పథకంలో పదేళ్ల సర్వీసు దాటింది కాబట్టి 58 ఏళ్లకు నెలవారీ పెన్షనుకు మీకు హక్కు ఏర్పడే ఉంది.

అరండల్‌పేట సాఫ్ట్‌వేర్

గుంటూరులో నేను ఒక చిన్న సాఫ్ట్‌వేర్ దుకాణం నడుపుతున్నాను, నాతో కలిపి ఐదుగురం. మిర్చి యార్డు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలకు, కమీషన్ వ్యాపారులకు లెక్కల ప్రోగ్రాములు వ్రాసి ఇస్తాము. రైతు ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) తెచ్చాడు, ఏ గదిలో ఏ వరుసలో పెట్టారు, అద్దె ఎంతయింది, బాండు (సరుకు నిల్వ ఉందని ఇచ్చే పత్రం) మీద బ్యాంకు ఇచ్చిన అప్పుకు వడ్డీ ఎంత, సరుకు సగం తీస్తే మిగిలిన సగానికి లెక్క ఎలా అన్నది మా పని. చదువుతుంటే మీరు ఇరవై రెండేళ్లు చేసినదీ ఇదే అనిపించింది, తేడా అల్లా సరుకు మిర్చి కావడమే. పాత విజువల్ బేసిక్ 6లో ఉన్న ప్రోగ్రాములను ఇప్పుడు పోస్ట్‌గ్రెస్ మీదికి మార్చుకుంటున్నాము, వడ్డీ భాగం దగ్గర మా పిల్లలు తడబడుతున్నారు.

దాపరికం లేకుండా చెబుతున్నాను, నెలకు 40 వేలకు మించి ఇవ్వలేను. మీ పాత జీతంలో అది ఏ మూలకూ రాదు. కాని రోజుకు నాలుగు గంటలు చాలు, ఇంటినుంచి చేయవచ్చు, మిగిలిన సమయం మీ ప్రయత్నాలకు ఉంటుంది, పది నెలల ఖాళీ అక్కడితో ఆగుతుంది. మీకు పెద్ద ఉద్యోగం వస్తే నెల రోజులు ముందు చెబితే సరిపోతుంది. కొత్త పంట రాక జోరందుకునేలోపు ఈ భాగం పూర్తి కావాలన్నది నా అవసరం.

బాపట్ల లెక్చరర్

ఒక మాట చేర్చుతాను. ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ పేరుతో 2022లో యు.జి.సి. మార్గదర్శకాలు ఇచ్చింది. కనీసం 15 ఏళ్ల అనుభవం ఉన్న నిపుణులను పి.హెచ్‌డి. లేకపోయినా తీసుకోవచ్చు, మంజూరైన పోస్టుల్లో 10 శాతం మించకూడదు, మొత్తం కాలం మూడేళ్లు, ప్రత్యేక సందర్భాల్లో మరొక ఏడాది. అన్ని కళాశాలలూ దీన్ని అమలు చేయడం లేదు, జీతం కూడా కళాశాలను బట్టి ఉంటుంది. అయినా విజయవాడ, గుంటూరు మధ్య ఇన్ని కళాశాలలుండగా అడగకుండా ఉండవద్దని నా అభిప్రాయం.

కృష్ణలంక వాసి

అందరికీ కృతజ్ఞతలు. ఆలస్యంగా వ్రాస్తున్నందుకు మన్నించండి, ఈ పన్నెండు రోజులూ గుణదల మిత్రులు చెప్పిన పనిలోనే ఉన్నాను. చిన్న అప్పుల ఖాతా కట్టి పోస్ట్‌గ్రెస్‌కు మార్చాను. పేర్ల నివేదికలో నల్ తప్పు వెంటనే దొరికింది, చెల్లింపుల క్రమం తప్పు మాత్రం రెండు రోజులు వెతికితే గాని దొరకలేదు. జట్టులోని ఎనిమిది మందికి ఉత్తరాలు వ్రాశాను, ఇద్దరు జవాబిచ్చారు, వారిలో ఒకరు తమ సంస్థలో ఇదే మార్పు వచ్చే త్రైమాసికంలో మొదలవుతుందని, నా పేరు ఇచ్చానని తెలిపారు.

అరండల్‌పేట గారూ, మీ పని చేయడానికి నాకు సమ్మతమే. సోమవారం ఉదయం గుంటూరు వస్తాను, బాండు మీద వడ్డీ లెక్క మీరు కాగితం మీద ఎలా వేస్తారో ముందు అది చూపించండి.

నాన్నగారికి నిన్న చెప్పాను. ఆయన ఉద్యోగమంతా సహకార బ్యాంకులో, వడ్డీలు చేత్తో వేసిన మనిషి. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత లాప్‌టాప్ వైపు చూపించి, 2024 ఫిబ్రవరి 29కి వడ్డీ పడిందా, ఆ ఏడాదిని 365 రోజులుగా భాగించావా 366గానా అని అడిగారు. నేను ఆ తేదీని పరీక్షించలేదు. ఈ రాత్రి దానితో మొదలుపెడుతున్నాను.